నలభై నాలుగు నెలలు

(సర్దార్ గౌతు లచ్చన్న స్మృతికి కంచిలిలో చేసిన ఉపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసానికి పిలిచినప్పుడు ముందు నేను ఒప్పుకోలేదు. లచ్చన్న గారి పేరు మీద మాట్లాడాలంటే రాజకీయం తెలిసినవాడు కావాలి కదా. నేను బడిలో సైన్సు చెప్పుకుని రిటైరయ్యాను. ఆ తర్వాత ఎకరం ముప్పై సెంట్ల కొబ్బరి తోట చూసుకుంటూ కాలక్షేపం చేస్తున్నాను. "అయితే ఆ తోట గురించే చెప్పండి మేష్టారూ, బారువలో పుట్టిన లచ్చన్న గారికి తోట కబురు కంటే ఇష్టమైనది ఏముంటుంది?" అన్నారు. ఆ మాటకు లొంగిపోయాను. కాబట్టి ఈ సాయంత్రం వాన, గాలి, ఎండ, మంచు, వీటికీ మన చెట్లకూ మధ్య నడిచే లావాదేవీ గురించే చెబుతాను. లచ్చన్న గారు మధ్యలో తారసపడతారు.

2022 జూన్‌లో ఒక పొద్దున్న మా తోటలో దింపు తీయడానికి వచ్చిన కుర్రాడు నాలుగు చెట్లు ఎక్కి దిగి, కత్తి మొలలో దోపుకుని నా ముందు నిలబడ్డాడు. "ఏటి మేష్టారూ, వానలు బాగానే పడ్డాయి, ఎరువూ ఏసినారు. గెలకి నాలుగు కాయల్లేవు. చెట్టుకేటైనాది?" అన్నాడు. నేను కూడా అదే అనుకుంటున్నాను. ముందటి సంవత్సరం వాన తక్కువేం కాదు. ఉప్పు, పొటాషు, పేడ అన్నీ వేశాను. ఇంటికొచ్చి వేళ్ళ మీద లెక్క వేసుకుంటే అప్పుడు తట్టింది.

కొబ్బరి చెట్టు మొవ్వు లోపల, మన కంటికి ఆనకుండా, ఒక పొత్తు తాలూకు మొదటి మొలక ఏర్పడుతుంది. అది పెరిగి పెరిగి బయటకు వచ్చి పగిలి పూత చూపించడానికి సుమారు 32 నెలలు పడుతుంది. ఆ పూత పిందె కట్టి, నీరు పట్టి, ముదిరి, దింపుకు రావడానికి ఇంకో 12 నెలలు. మొత్తం 44 నెలలు. ఇవాళ మీ ఇంట్లో పచ్చడికి కొట్టిన కాయ మూడున్నరేళ్ళకు ముందే మొదలైంది. 2022 జూన్ నుంచి 44 నెలలు వెనక్కి నడిస్తే ఎక్కడ తేలతాం? 2018 అక్టోబరులో. తిత్లీ తుఫాను వచ్చిన నెలలో.

ఆ ఒక్క లెక్కలోనే అంతా ఇమిడిపోయిందని నేను అనను. గాలికి మట్టలు విరిగిన చెట్టు మళ్ళీ తల నిండా మట్టలు కట్టుకోవడానికి రెండేళ్ళకు పైనే పడుతుంది, ఎందుకంటే నెలకు ఒక మట్ట, మహా అయితే కొంచెం ఎక్కువ, అంతే దాని వేగం. ప్రతి పొత్తూ ఒక మట్ట చంకలోనే పుడుతుంది, గెల బరువు ఆ మట్ట మీదే ఆనుతుంది. మట్ట పోతే గెలకు తిండి లేదు, ఆసరా లేదు. ఇవన్నీ కలిసి చెట్టు తన దెబ్బను దాచిపెట్టుకుని, మనం మరిచిపోయాక బయటపెడుతుంది. ఆ కుర్రాడికి ఇదంతా చెప్పాను. అతను కాసేపు ఆలోచించి, "అంటే చెట్టుకి మన కంటే గేపకం ఎక్కువన్నమాట" అన్నాడు. ఈ ఉపన్యాసంలో నేను చెప్పబోయే సంగతి అతను అప్పుడే చెప్పేశాడు. మిగతాదంతా దానికి వివరణ.

వరి రైతుకు వాతావరణం ఒక పంటను తీసుకుపోతుంది. పోయిన పంట పోయిందని ఏడ్చి, మళ్ళీ ఏడు నారు పోస్తాడు. చెట్టు రైతుకు అలా కాదు. ఉద్దానం అంటే చెట్టు మీద బతికే నేల. కంచిలి, కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఈ మండలాల్లో కొబ్బరి, జీడి, పనస, మామిడి, మునగ కలగలిపి ఉంటాయి. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందని పెద్దలు చెబుతారు. భాషా పండితులు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా 2018కి ముందు మా ఊరి దారిన మధ్యాహ్నం నడిచినవాడు ఒప్పుకుంటాడు. నెత్తి మీద ఎండ పడేది కాదు.

ఆ నీడ ఒక్క తెల్లవారుజామున పోయింది. 2018 అక్టోబరు 11, నాలుగున్నర, అయిదున్నర మధ్య తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి, విసురుకు 165 వరకూ. ఆ పేరు పాకిస్తాన్ ఇచ్చినది. సీతాకోకచిలుక అని అర్థం. పేరు పెట్టినవాళ్ళ తప్పేం లేదు, వరస ప్రకారం వచ్చిన పేరు అది. కానీ పడిపోయిన తోటలో నిలబడి ఆ అర్థం విన్నవాడికి ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక తేదీల ముచ్చట ఉంది. ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది 2013 అక్టోబరు 12న. హుద్‌హుద్ విశాఖపట్నం మీద పడింది 2014 అక్టోబరు 12న. తిత్లీ 2018 అక్టోబరు 11న. ఆరేళ్ళలో మూడు తుఫానులు, ఒకటే వారం. పంచాంగం చూడండి, ఆ రోజుల్లోనే హస్త కార్తె వెళ్ళి చిత్త కార్తె వస్తుంది. మన పెద్దలు కార్తెలతో వ్యవసాయం చేశారు. రోహిణిలో రోళ్ళు పగులుతాయన్నారు, ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదన్నారు, ఉత్తర చూసి ఎత్తర గంప అన్నారు. ఉత్తర కార్తె దాటినా వాన లేకపోతే గంప నెత్తిన పెట్టుకుని వలస పొమ్మని. ఎంత కరుకైన మాట! అందులో ఒక ప్రాంతపు కరువుల చరిత్ర అంతా ఉంది.

కార్తెలు తప్పిపోయాయని ఈ మధ్య చాలామంది అంటున్నారు. కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రం దగ్గర ఉండే పదమూడు పద్నాలుగు రోజులు. నక్షత్రాల లెక్కకూ రుతువుల లెక్కకూ తేడా ఉంది నిజమే, కానీ అది సుమారు డెబ్బై ఏళ్ళకు ఒక్క రోజు. మా తాత కాలం నుంచి నా కాలానికి కార్తె ఒక రోజు జరిగి ఉంటుంది. దానికి పంట పోదు. జరిగింది వాన. మృగశిరలో రావలసిన వాన ఆరుద్రకు పోతుంది, పది రోజులు పడవలసినది రెండు రోజుల్లో పడుతుంది. మన జిల్లాకు ఏడాదికి 1,100 మిల్లీమీటర్లకు పైన వాన పడుతుంది. సంవత్సరం మొత్తం కూడితే చాలాసార్లు లెక్క సరిపోతుంది, కాగితం మీద లోటు కనపడదు. తోటకు మాత్రం సరిపోదు. ఇసక నేల మీద ఒక్క పూటలో పడిన వానలో చెట్టుకు దక్కేది ఎంత? మిగతాది వాగు దారి పడుతుంది, సముద్రంలో కలుస్తుంది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదని భౌతిక శాస్త్రం చెబుతుంది. ఎక్కువ మోసినది ఎక్కువగా ఒక్కసారే కుమ్మరిస్తుంది. మళ్ళీ ఎత్తుకోవడానికి ఎక్కువ రోజులు తీసుకుంటుంది. 2023 ఆగస్టు మీకు గుర్తుందా? దేశం మొత్తం మీద 1901 నుంచి రాసుకున్న లెక్కల్లో అంత పొడి ఆగస్టు లేదు. ఆ నెలలో నా తోటలో పిందె రాలిన చప్పుడు రాత్రి మంచం మీదకు వినిపించేది.

మరి తుఫానులన్నీ చిత్త కార్తె గుమ్మంలోనే ఎందుకు పడతాయి? దీనికి సమాధానంలో సగం మన తెలుగాయన చెప్పాడు. పంచేటి కోటేశ్వరం గారు. భారత వాతావరణ శాఖకు 1969 నుంచి 1975 దాకా అధిపతి. వానాకాలంలో మన నెత్తి మీద సుమారు పదిహేను కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి పడమరకు ఒక గాలి నది పరుగెడుతుందని 1950లలో గుర్తించి ప్రపంచానికి వివరించినవాడు ఆయనే. కింద నైరుతి గాలి పడమర నుంచి తూర్పుకు, పైన ఆ గాలి తూర్పు నుంచి పడమరకు. మీరు ఒక అగరొత్తి వెలిగించండి. గాలి లేకపోతే పొగ నిలువుగా లేస్తుంది. ఫ్యాన్ వేయండి, చెదిరిపోతుంది. జూలై, ఆగస్టుల్లో బంగాళాఖాతంలో అల్పపీడనాలు బోలెడు పుడతాయి, కానీ పైనా కిందా గాలులు ఎదురెదురుగా లాగుతుంటే అవి నిలువుగా ఎదగలేవు, పెద్ద తుఫానులు కాలేవు. వానలిచ్చి ఒడిశా మీదుగా వెళ్ళిపోతాయి. అక్టోబరు వచ్చేసరికి పై గాలి సద్దుమణుగుతుంది. సముద్రం మాత్రం వేసవి వేడి ఇంకా కడుపులో దాచుకుని ఉంటుంది. తుఫాను పుట్టడానికి నీరు 26.5 డిగ్రీలు దాటాలంటారు. ఆ రోజుల్లో బంగాళాఖాతం 28, 29 డిగ్రీల మీద ఉంటుంది. ఫ్యాన్ ఆగింది, పొయ్యి మండుతూనే ఉంది. అక్టోబరు మొదట్లో పుట్టినవి ఎక్కువగా మన వైపు, ఒడిశా వైపు వస్తాయి. నవంబరు గడిచేకొద్దీ వాటి దారి దక్షిణానికి, నెల్లూరుకు, తమిళనాడుకు మళ్ళుతుంది. అందుకని మన వంతు చిత్త కార్తెకు వస్తోంది.

బంగాళాఖాతంలో తుఫానుల సంఖ్య ఏటేటా పెరిగిపోతోందని సభల్లో అంటుంటారు. నేను అనను. వచ్చినవాటిలో బలమైన వాటి వంతు పెరుగుతుందని, అవి తీరానికి వచ్చే ముందు ఒకటి రెండు రోజుల్లోనే బలం పుంజుకుంటున్నాయని శాస్త్రవేత్తలు అంటున్నారు. తిత్లీ అలాగే చేసింది. 8వ తేదీన వాయుగుండం. 10వ తేదీకి తీవ్ర తుఫాను స్థాయి కూడా దాటేసింది. పడవ ఒడ్డుకు లాగడానికి ఆ వ్యవధి సరిపోతుంది. తోటకు ఎంత వ్యవధి ఇచ్చినా ఏం చేస్తాం?

ఇదే నన్ను చాలాకాలంగా తొలుస్తున్న సంగతి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేల మంది పోయారు. 2013లో ఫైలిన్ దానికి తీసిపోని తుఫాను. మన రాష్ట్రమూ ఒడిశా కలిసి సుమారు పది లక్షల మందిని ముందే కదిలించాయి, చనిపోయినవారు పదుల్లోనే. ఉపగ్రహం, రాడారు, ఫోను, పాఠశాల భవనం, ఊరి వలంటీరు, ఇవన్నీ కలిసి మనిషిని కాపాడాయి. ఇది చిన్న విజయం కాదు, దీన్ని తక్కువ చేసేవాడు పాపాత్ముడు. కానీ మనిషిని బడిలోకి తీసుకుపోయి పులిహోర పొట్లం ఇచ్చి కూర్చోబెట్టగలం. చెట్టును ఏ బడిలో కూర్చోబెడతాం? తుఫాను వెళ్ళాక ప్రాణంతో ఇంటికొచ్చినవాడికి, నిన్నటి దాకా తన్ను పోషించిన చెట్టు అడ్డంగా పడి ఎదురైంది. ప్రాణనష్టం పెద్దగా లేదు అని పేపర్లో రాశారు. ఆ రాసిన విలేకరిది మా పక్క ఊరే, అతనికీ తోట ఉంది. ఆ మాట రాసేటప్పుడు చెయ్యి ఎలా ఆడిందో!

కొబ్బరికి ఒక్కటే మొవ్వు. జీడి చెట్టు కొమ్మ విరిగితే పక్క నుంచి చిగురిస్తుంది, మామిడి మోడు నుంచి కూడా తలెత్తుతుంది. కొబ్బరి తల తెగితే అయిపోయింది, దానికి రెండో తల లేదు. తిత్లీలో మూడు రకాల చెట్లు చూశాం. వేళ్ళతో లేచి పడిపోయినవి, తల తిరిగి మొవ్వు విరిగినవి, నిలబడి ఉన్నా మట్టలన్నీ ఒక పక్కకే దువ్వినట్టు వంగిపోయినవి. నష్టం రాసుకోవడానికి వచ్చినవారు మొదటి రకాన్ని వెంటనే రాశారు. రెండో రకానికి కాస్త వాదించాల్సి వచ్చింది. మూడో రకాన్ని చూసి, "ఇది బాగానే ఉంది కదా" అన్నారు. నేను చెప్పిన 44 నెలల చెట్టు అదే.

తాటి చెట్లు మాత్రం చాలావరకు నిలబడ్డాయి. గట్టి మొద్దు, చిన్న తల, బలమైన వేళ్ళు. ఇక్కడ లచ్చన్న గారిని తలుచుకోకపోతే తప్పు. 1909లో బారువలో గీత కార్మిక కుటుంబంలో పుట్టాడు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళాడు. తాడి చెట్టు మీద బతికేవాళ్ళ నోటి కాడ కూడు మద్యనిషేధం పేరుతో తీసేయవద్దని ఆయన నడిపిన పోరాటంలోనే 1954 నవంబరులో ప్రకాశం గారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఒక మంత్రివర్గాన్ని కూల్చిన తాడి చెట్టును తిత్లీ కూల్చలేకపోయిందని మా వీధిలో ఒక పెద్దాయన నవ్వుతూ అంటుండేవాడు. నవ్వులాటకే అయినా అందులో ఒక మాట ఉంది. గట్టు మీద పెంచిన తాడి చెట్టు గాలిని ఆపుతుంది, మట్టిని పట్టుకుంటుంది, తుఫాను తర్వాత మిగులుతుంది. మనం గట్టు మీద తాడి కొట్టి ఇటుక బట్టీలకు అమ్ముకున్నాం. ఒడ్డున సరుగుడు తోపులు, ఇసక దిబ్బల మీద మొగలి పొదలు కూడా అంతే. తుఫాను గాలి మొదట తగలవలసినది వాటికి. వాటిని తీసేశాక తోటకే తగులుతుంది.

పరిహారం సంగతి. తిత్లీ తర్వాత కొబ్బరి చెట్టుకు 1,500 రూపాయలు, జీడికి హెక్టారుకు 30,000 ఇచ్చారు. తర్వాత వచ్చిన ప్రభుత్వం దాన్ని చెట్టుకు 3,000, హెక్టారు జీడికి 50,000 చేసింది. ఎవరు ఎంత ఇచ్చారన్న గొడవలోకి నేను దిగను, సభలో ఇరుపక్షాలవాళ్ళూ ఉన్నారు. లెక్క కట్టే పద్ధతి మీదే నా గొడవ. మామూలుగా పంట నష్టం అంటే 33 శాతానికి పైగా పోతేనే లెక్క. 2015కు ముందు అది 50 శాతం. శాతం దేనిలో? ఈ సీజను పంటలో. ఈ కొలత వరి కోసం పుట్టింది. జమీందారీ కాలంలో ఆనవారీ చూసేవారు. పదహారణాల పంటలో ఎన్ని అణాలు పండింది, శిస్తులో ఎంత తగ్గించాలి అని. ఆ కళ్ళతోనే ఇవాళ్టికీ తోటను చూస్తున్నాం. కొబ్బరి బీమా ఒకటి ఉంది, కొబ్బరి అభివృద్ధి బోర్డు పథకం. నాలుగు నుంచి పదిహేనేళ్ళ చెట్టుకు 900 రూపాయల బీమా, పదహారు నుంచి అరవై ఏళ్ళ దానికి 1,750. ప్రీమియం చెట్టుకు 9 రూపాయలు, 14 రూపాయలు. అందులో రైతు కట్టేది నాలుగో వంతే. మంచిదే. కానీ చెట్టు చస్తేనో, పూర్తిగా పనికిరాకుండా పోతేనో డబ్బు. బతికి, మూడేళ్ళు కాయని చెట్టుకు దాంట్లో చోటు లేదు.

నా ఆలోచన చెబుతాను, పెద్దలు తప్పయితే దిద్దండి. తుఫాను తర్వాత నిలబడ్డ చెట్టును కూడా లెక్కలో రాయాలి. ఒకసారి రాసి వదిలేయకుండా ఏటా ఒకసారి చొప్పున నాలుగేళ్ళు దింపు చూసి, తగ్గిన కాయకు విడతలుగా ఇవ్వాలి. దీనికి ప్రతి రైతు దగ్గరా దింపు లెక్క ఉండాలి. నేను ఒక పాత హాజరు పట్టీలో రాస్తున్నాను, పిల్లల పేర్లున్న గళ్ళలో చెట్ల నంబర్లు. హాజరు పట్టీ అలవాటు పోలేదన్నమాట. పద్నాలుగో నంబరు చెట్టు మూడేళ్ళు వరసగా గైర్హాజరు.

తుఫాను తర్వాతి తుఫాను ఒకటుంది. దానికి పేరు పెట్టరు. పడిపోయిన వేలాది మొద్దులు తోటల్లోనే కుళ్ళాయి. ఎత్తించడానికి డబ్బు లేదు, కోసే యంత్రాలు దొరకలేదు, కొనేవాడు లేడు. కుళ్ళిన కొబ్బరి మొద్దులో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు ఆ పొట్టు తిని బలిసి, రెక్కలు వచ్చాక నిలబడ్డ చెట్ల మొవ్వుల్లోకి తొలుచుకుని పోతుంది. విచ్చుకున్న మట్టను చూస్తే కత్తెరతో 'వి' ఆకారంలో కోసినట్టు ఉంటుంది. ఆ గాయం వాసనకు ఎర్ర ముక్కు పురుగు వస్తుంది. అది వచ్చిందంటే చెట్టు దక్కడం కష్టం. ఈలోగా బయటి నుంచి ఇంకొకటి దిగింది, వలయాల తెల్లదోమ. అమెరికా ఖండం పురుగు. మన దేశంలో 2016లో తమిళనాడు, కేరళ కొబ్బరి మీద కనపడింది, తర్వాత కోస్తా అంతా పాకింది. ఆకు అడుగున తెల్లగా చుట్లు చుట్లుగా గుడ్లు, దాని జిగురు కింది ఆకు మీద పడి నల్లటి మసి. పొడి వాతావరణం దానికి పండగ, గట్టి వాన దానికి శత్రువు. ఆగస్టు పొడిగా పోయిన ఏడు దాని రాజ్యం. కొందరు తొందరపడి ఘాటైన మందులు కొట్టారు. మందుకు దోమకంటే ముందు దాన్ని తినే చిన్న కందిరీగ చస్తుంది. కోనసీమలో అంబాజీపేట పరిశోధన కేంద్రం వారు ఆ మిత్ర పురుగులను, దోమకు తెగులు పుట్టించే శిలీంధ్రాన్ని పెంచి ఇస్తున్నారు. అక్కడి నుంచి మన దాకా దూరం ఎక్కువే, కానీ ఎండాకాలం ముందే తెచ్చుకుంటే పని చేస్తాయి. నీళ్ళ పైపుతో ఆకు అడుగున గట్టిగా కొట్టినా చాలా పోతుంది, చిన్న చెట్లకు.

జీడి గురించి తక్కువ చెబుతాను, కాశీబుగ్గ నుంచి వచ్చినవాళ్ళు నాకంటే ఎక్కువ ఎరుగుదురు. పోర్చుగీసువాళ్ళు బ్రెజిల్ నుంచి తెచ్చిన చెట్టు. ఇసక నేలలో, తక్కువ నీటితో బతుకుతుంది, మొండిది. కానీ పూత దశలో మహా సుకుమారం. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి, ఈ మూడు నెలలూ దానికి పొడి గాలి, మంచి ఎండ కావాలి. పొగమంచు దట్టంగా పట్టి, మబ్బు వేసి, మధ్యలో ఒక అకాల వాన పడిందంటే పూత నల్లబడి మాడిపోతుంది. టీ దోమ చిగురు రసం పీల్చేస్తుంది. మార్చిలో తోటకు వెళితే ఆకు తప్ప పిక్క కనపడదు. మన దగ్గర పిక్కల ధర 80 కిలోల బస్తా మీద నడుస్తుంది, ఏటా ఆ ధర కోసం ధర్నాలు నడుస్తాయి. ఫ్యాక్టరీలకు మాత్రం పిక్క కొరత రాదు. పశ్చిమ ఆఫ్రికా నుంచి, టాంజానియా నుంచి ఓడల్లో వస్తుంది. మన మంచుకు మన రైతు ఒక్కడే తడుస్తాడు, బజారు తడవదు.

వరికి ఒక్క మాట. అక్టోబరు రెండో వారం అంటే ఇక్కడ దీర్ఘకాలిక వరి పొట్ట మీద, ఈనిక మీద ఉండే రోజులు. గాలికి చేను పడితే, నీళ్ళు నాలుగు రోజులు నిలిస్తే గింజ తాలే. రెండు వారాల మునకకు తట్టుకునే స్వర్ణ సబ్-1 రకం 2009లో విడుదలైంది. ఆ మునక తట్టుకునే గుణం ఒడిశాలో రైతులు పూర్వం నుంచీ పండించుకున్న ఒక నాటు వరి నుంచి తీసుకున్నది. మన పొరుగు పల్లెల విత్తనం ఫిలిప్పీన్స్ దాకా వెళ్ళి చదువుకుని తిరిగొచ్చిందన్నమాట. నాటు విత్తనం పారేయడానికి ముందు ఈ కథ ఒకసారి గుర్తు చేసుకోండి.

సోంపేట బీల సంగతి చెప్పకుండా వాన గురించి మాట్లాడటం కుదరదు. వానాకాలం నీళ్ళను పీల్చి, వేసవి దాకా మెల్లగా ఇచ్చే చిత్తడి నేల అది. దాని మీద బొగ్గు కరెంటు ప్లాంటు వద్దని చుట్టుపక్కల రైతులు, మత్స్యకారులు నిలబడ్డారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో కొందరు ప్రాణాలిచ్చారు. ఆ ప్లాంటు అనుమతి రద్దయింది. అప్పట్లో చాలామంది చదువుకున్నవాళ్ళు, "బురద కోసం ఇంత గొడవా?" అన్నారు. నేనూ గట్టిగా ఏమీ అనలేదు, ఇవాళ ఒప్పుకుంటున్నాను. కుండపోత వానను పట్టి ఉంచుకునే పాత్ర ఆ బురద. ఇక్కడి మనుషులు మట్టి కోసం, కట్టె కోసం చావడం కొత్త కాదు. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది, లచ్చన్న గారు దాని కోసం ఊరూరా తిరిగారు. కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలో గుడారిరాజమణిపురం దగ్గర కాల్పుల్లో రైతు స్త్రీ గున్నమ్మ నేలకొరిగింది. గొడవ మొదలైంది అడవిలో కట్టె కొట్టుకునే హక్కు దగ్గర. రైతుకు పొలం ఒక్కటే చాలదు, చుట్టూ ఉన్న అడవి, చెరువు, చిత్తడి కూడా ఉండాలని ఆ తరం ఎరుగును.

ఇచ్ఛాపురం పక్కన తేలుకుంచి వెళ్ళారా ఎప్పుడైనా? జూన్‌లో నత్తలు తినే ఓపెన్‌బిల్ కొంగలు అక్కడి చెట్ల మీదకు వస్తాయి, ఊరివాళ్ళు వాటిని పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూస్తారు, అవి వస్తే వాన వస్తుందని నమ్మకం. కొంగకు వాన సంగతి ముందే తెలుస్తుందా అని ఒక పిల్ల బడిలో నన్నడిగింది. చేలల్లో నీరు నిలిస్తే నత్త, నత్త ఉంటే పిల్లలకు తిండి, అందుకని వాన వేళకు వస్తాయి అని చెప్పాను. ఆ పిల్ల తృప్తిపడలేదు. "మరి వాన లేటైతే కొంగలు ఏటి సేస్తాయి?" అంది. నా దగ్గర అప్పుడు జవాబు లేదు. పిల్లలు మంచి ప్రశ్నలు గంట కొట్టే ముందే అడుగుతారు.

ఎండలో పనిచేసే ఒంటి గురించి కూడా ఒక మాట అని ముగింపుకొస్తాను. ఉద్దానం పేరు దేశానికి తెలిసింది కొబ్బరి వల్ల కాదు, కిడ్నీ జబ్బు వల్ల. పలాసలో పరిశోధన కేంద్రంతో 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు. హిరమండలం నుంచి 700 కోట్లతో మంచినీళ్ళు తెచ్చారు. మధ్య అమెరికా చెరకు తోటల్లో కూలీలకు ఇలాంటి జబ్బే వస్తే అక్కడి వైద్యులు వేడిని, చెమటను, నీళ్ళు తాగకుండా గంటలు గంటలు పనిచేయడాన్ని గట్టిగా అనుమానించారు. ఇక్కడి కారణం ఏదైనా కానివ్వండి, చెట్టు నీడ పోయిన తోటలో కూలి మునుపటి కంటే ఎక్కువ ఎండ తింటున్నాడు. మా తోటలో పని పొద్దున్న ఆరింటికి మొదలుపెట్టి పదింటికి ఆపేస్తున్నాం. కూలి రోజు కూలే. కుండ నిండా నీళ్ళు, పక్కన మజ్జిగ. తోటి రైతులు కొందరు, "మేష్టారు కూలీలను చెడగొడుతున్నారు" అంటున్నారు. అననివ్వండి.

పడిపోయిన చెట్ల స్థానంలో 2019 వానాకాలంలో నేను ఇరవై రెండు మొక్కలు వేశాను. కొన్ని దేశవాళీ పొడుగు రకం, కొన్ని గోదావరి గంగ. నా వయసులో పొడుగు రకం ఎందుకండీ, కాయ మీరు తింటారా అని మా ఇంట్లోనే అడిగారు. ఆరేడేళ్ళు పడుతుంది కాపుకు. మొన్న వాటిలో ఒకదానికి మొదటి పొత్తు పగిలింది. వేలెడు వేలెడు పిందెలు మూడు. లోపల, మొవ్వులో, ఇంకా ముప్పై పొత్తులు వరసలో ఉన్నాయన్నమాట. వాటిలో ఆఖరుది దింపుకు వచ్చేలోపు మూడు నాలుగు చిత్త కార్తెలు దాటాలి. నిన్న సాయంత్రం చూస్తే కొత్త మట్టకు కత్తెర గుర్తు పడింది. కొమ్ము పురుగు. చెట్టు ఇంకా నా చేతికి అందే ఎత్తే. ఇనప కొక్కెం నూనె రాసి పెట్టాను. పొద్దెక్కితే అది మొవ్వులో ఇంకా లోపలికి దిగిపోతుంది, అందుకని రేపు తెల్లారగానే వెళ్ళాలి.